గట్టిమేళం

ఆషాఢం కదా, కల్యాణ మండపం ఖాళీ.
అద్దె వద్దన్నాడు ఓనరు, కరెంటు ఖర్చు మాత్రం ఇమ్మన్నాడు.
జనరేటరుకు డీజిలు మా చిన్నాయన పోయించినాడు,
ఆ లెక్క పిన్నమ్మకు ఇంకా తెలియదు.

చిత్తూరులో ఈ మండపం మాకు కొత్త కాదు.
నాయన సన్నాయి, చిన్నాయన డోలు,
తమ్ముడు గుణశేఖర్ తాళం,
వక్క నములుతూ శ్రుతిపెట్టె దగ్గర అవ్వ.
రెండో డోలు నాది.
ఆడపిల్ల డోలు కొడితే ముహూర్తానికి బాగుండదని
పెళ్ళిళ్ళకు నన్ను రానివ్వరు.
ఈ రోజు ముహూర్తం లేదు.

మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో, రాత్రి షిఫ్టులో
ఆవిరి గొట్టం పగిలి కాలిన
ముగ్గురు ఆడవాళ్ళ కోసం కచేరీ.
టికెట్టు వంద.
మిగిలిపోయిన పెళ్ళిపత్రికల వెనక ముద్ర గుద్ది అమ్మినారు.
తిప్పి చూస్తే ఎవరో చి.ల.సౌ.

పెళ్ళిలో మాకెదురుగా ఎవరూ కూర్చోరు.
వీపులుంటాయి, ఫోటోగ్రాఫరు మోచెయ్యి ఉంటుంది,
చెప్పులు వెతుక్కునే పిల్లలుంటారు.
ఇప్పుడు మూడొందల కుర్చీలు మావైపు తిరిగినాయి.
నాయన పీక పెదవి మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి
"ఇట్ల చూస్తా ఉంటే ఊదేదెట్ల?" అన్నాడు మెల్లగా.

కల్యాణిలో పైషడ్జం అందుకోబోయి ఊపిరి జారింది.
అవ్వ శ్రుతిపెట్టె గట్టిగా నొక్కింది.
చిన్నాయన రెండు దెబ్బలు ఎక్కువేసినాడు.
మా ఇంట్లో ఒకరి తప్పును ఇంకొకరు
అన్నం మీద మూతలాగ కప్పుతారు.

అప్పుడు దేశమ్మను వేదిక మీదికి పిలిచినారు.
కుడిచెయ్యి మామిడితాండ్ర రంగులో ఉంది.
మైకు ఎడమచేత్తో పట్టుకొని "అందరికీ..." అనింది.
ఆ తర్వాత మాట లేదు. గొంతులోంచి ఏదో వచ్చింది.
పక్కనున్న పెళ్ళిళ్ళ కాంట్రాక్టరు ఉదయకుమార్
అలవాటున చూపుడువేలు పైకెత్తి తిప్పినాడు:
గట్టిమేళం!

గట్టిమేళమంటే తెలుసు కదా.
తాళి కట్టే వేళ
ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి చెడ్డమాటా
పీటల మీదివాళ్ళ చెవిన పడకుండా
ఊరంత శబ్దం లేపడం.
మా ముత్తాతల నుంచి మాకు కూలి దానికే.
నేను ఒక్కసారైనా వాయించనిది అదే.
మిద్దె మీద, దిండు మీద ఎన్నిసార్లు కొట్టుకున్నానో!

నా చేతులు లేచినాయి.
నాయన సన్నాయి దించి
అరచెయ్యి నా డోలు మీద పెట్టినాడు,
నిద్రపోయే బిడ్డ వీపు మీద పెట్టినట్టు.

దేశమ్మ ఏడ్చింది.
ఫ్యాన్లు, బయట జనరేటరు, ఆ ఏడుపు.
రెండు నిమిషాలో, నాలుగో.
ఒక్కరూ దగ్గలేదు.
కొంగుతో ముక్కు తుడుచుకొని
"ఆవిరి మొదట కనపడదబ్బా" అనింది,
"చల్లగా ఉండాదే అనుకున్నా."

ఆ తర్వాత ఏం వాయించినామో సరిగ్గా గుర్తులేదు.
నీలాంబరి అంటాడు తమ్ముడు, కాదంటాడు చిన్నాయన.
పుల్ల పక్కన పెట్టి, వేళ్ళ గూళ్ళు తీసేసి
ఒట్టి వేళ్ళతో కొట్టినాను.
డోలుకు అంత చిన్న గొంతుందని అప్పటిదాకా ఎరగను.

రాత్రి పదకొండుకు జంపఖానా మీద డబ్బు లెక్క.
ముప్పై ఎనిమిది వేలు, చిల్లర,
సగం చిరిగిన యాభై ఒకటి.
"డీజిలు ఎవరి ఖర్చు?" పిన్నమ్మ అడిగింది.
చిన్నాయన శ్రుతిపెట్టె భుజానికెత్తుకొని బయటికి నడిచినాడు.

పోయేముందు దేశమ్మ వచ్చింది,
తమలపాకులు, వక్క, పదకొండు రూపాయలు.
మేళానికి తాంబూలం ఇవ్వకుండా పంపకూడదంట.
"ఎడమచెయ్యి... ఏమనుకోవద్దు" అనింది.
నాయన తీసుకోవాలో వద్దో తేలక నిలబడినాడు.
నోట్లోని వక్క బుగ్గకు తోసి
అవ్వ ముందుకొచ్చి
తనూ ఎడమచెయ్యే చాచింది.